ఎండాకాలం సెలవుల్లో పిల్లల చేత చదివించాలంటే ముందు మనం గొంతు విప్పాలి

మూడేళ్ళ కిందట వేసవిలో మా ఫ్రిజ్ తలుపు మీద ఒక చార్టు అంటించాను. పుస్తకం పూర్తి చేస్తే ఒక స్టారు, పది స్టార్లకి వంద రూపాయలు. మా అమ్మాయి అప్పుడు ఐదో తరగతికి వెళ్తోంది. రెండు వారాల్లో పదకొండు స్టార్లు వచ్చేశాయి. అనుమానం వచ్చి ఒకరోజు, అందులో కథేంటో చెప్పవే అని అడిగితే, అట్ట వెనకాల ఉన్న నాలుగు లైన్లు అప్పజెప్పింది. మాటంటే మాట కాబట్టి వంద రూపాయలు ఇచ్చాను, మర్నాడు చార్టు తీసేశాను. పిల్ల తప్పేం లేదు. చదివితే కూలి ఇస్తానన్నాను, అది కూలి సంగతి చూసుకుంది.

సెలవులకి మా ఇంట్లో నలుగురు పిల్లలు చేరతారు. మా అమ్మాయి, మా బాబు, కరీంనగర్ నుంచి మా అక్క పిల్లలు ఇద్దరు. ఈసారి పెద్దవాడు పదో తరగతికి వెళ్తున్నాడు, అందరికంటే చిన్నవాడు ఒకటో తరగతికి. ఆ చార్టు తర్వాత మేం ఒక్కొక్కటిగా పట్టుకున్నవే కింద రాస్తున్నాను. మీ పిల్లలది ఏ వయసైతే ఆ భాగానికే నేరుగా వెళ్ళండి, కానీ ముందు ఈ ఒక్క విషయం చదవండి.

మన హైదరాబాద్ పిల్లల్లో చాలామందికి తెలుగు చెవికి వచ్చు, కంటికి రాదు. ఇంగ్లీషు కంటికి వచ్చు, చెవికి అంతగా రాదు. తెలంగాణలో 2018లో చట్టం వచ్చింది కాబట్టి ఏ సిలబస్ బడి అయినా పదో తరగతి దాకా తెలుగు చెప్పాల్సిందే, పిల్లలు పరీక్షల్లో రాస్తున్నారు కూడా. అదే పిల్లని ఒక తెలుగు కథ చదవమంటే కూడబలుక్కుంటూ రెండు లైన్లు చదివేసరికి అలసిపోతుంది, మూడో లైను దగ్గరికి వచ్చేసరికి మొదటి లైనులో ఏముందో మర్చిపోతుంది. ఇంగ్లీషు గడగడా చదివేస్తుంది గానీ సగం మాటలకి మనసులో బొమ్మ కట్టదు. ఈ రెంటికీ మందు ఒకటే, మనం గొంతు విప్పి చదివి వినిపించడం. చదవడం వచ్చేసిన పిల్లలకి కూడా, పన్నెండేళ్ళ వాళ్ళకి కూడా. సొంతంగా చదవడం వచ్చిన రోజునే మనం వినిపించడం మానేస్తాం, చాలా ఇళ్ళల్లో పుస్తకం దూరమయ్యేది సరిగ్గా అక్కడే అని నా నమ్మకం.

ముందు ఇంట్లో పుస్తకాలు ఉండాలి

2024లో, 2025లో సెలవులు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా ఇచ్చారు, అంటే 49 రోజులు. ఆ మొదటి వారంలోనే పుస్తకాలు తెచ్చేయండి, మే నెల ఎండలు ముదిరాక ఎవరికీ బయటికి వెళ్ళబుద్ధి కాదు.

ఆదివారం పొద్దున అబిడ్స్ వెళ్ళండి. మూసి ఉన్న షాపుల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు కదా, పిల్లలు ఉన్న ఇంటికి అంతకంటే మంచి చోటు లేదు. తొమ్మిదిన్నర, పదింటికల్లా అక్కడ ఉంటే ఎండ తలకెక్కకముందే బయటపడొచ్చు. ఒక్కొక్కరి చేతిలో వంద రూపాయలు పెట్టి, మీకు ఇష్టం వచ్చింది కొనుక్కోండి అని వదిలేయండి. ఇక్కడ ఒక నియమం మీకే: వాళ్ళు ఎంచుకున్నది చూసి మొహం చిట్లించకండి. మా అక్క కొడుకు నిరుడు పాత బైకుల మ్యాగజైన్లు నాలుగు తెచ్చుకున్నాడు, నాకు నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. ఆ నాలుగూ సెలవులు అయ్యేలోపు చిరిగిపోయేదాకా చదివాడు.

చిన్నపిల్లలకి తెలుగు పుస్తకాలు కావాలంటే తార్నాకలో 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ళు ఉన్నారు. పెద్ద అక్షరాలు, మంచి బొమ్మలు, చవక. కాచిగూడలో నవోదయ బుక్ హౌస్ ఉంది. డబ్బు పెట్టలేని నెల అయితే ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ సైటులో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, కష్టాన్ని బట్టి నాలుగు స్థాయిలుగా పెట్టారు, డౌన్‌లోడ్ చేసుకుని వీధి చివర జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి మధ్యలో కుట్టేస్తే పుస్తకం అయిపోతుంది. కుట్టే పని పిల్లలకే ఇవ్వండి. తను కుట్టిన పుస్తకాన్ని పిల్ల ఎక్కడ పడితే అక్కడ పడేయదు.

గ్రంథాలయం మాట మనం దాదాపు మర్చిపోయాం. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కూడా కలిసి పోతుంది, అంటే డబ్బు కట్టేసి పుస్తకం తెచ్చుకోవడం మానేస్తున్నాం. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ నిండా పోటీ పరీక్షలకి చదువుకునే పిల్లలే కనిపిస్తారు, అది చూసి వెనక్కి తిరిగి రాకండి, పిల్లల పుస్తకాలు ఎక్కడున్నాయో కౌంటర్లో అడగండి. మెట్రోలో గ్రీన్ లైన్ ఎక్కితే చిక్కడపల్లి స్టేషన్లో దిగొచ్చు. మీ పేటలో శాఖా గ్రంథాలయం ఉంటే ఇంకా మంచిది, పిల్ల నడిచి వెళ్ళి రాగలిగినంత దూరంలో ఉన్నదే అసలు గ్రంథాలయం. తెరిచే వేళలు, సెలవు రోజు ముందు కనుక్కుని వెళ్ళండి, తలుపుకి తాళం చూస్తే పిల్లలకి ఉత్సాహం పోతుంది.

పెద్దపిల్లల్ని ఒకసారి అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి తీసుకెళ్ళండి. 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది, ఇప్పుడు మూసీ ఒడ్డున ఉంది, లోపలికి అడుగు పెట్టగానే పిల్లలు వాళ్ళంతట వాళ్ళే గొంతు తగ్గిస్తారు. సుల్తాన్ బజార్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901 నాటిది. నిజాం పాలనలో తెలుగులో చదువుకునే దారే కష్టంగా ఉన్న రోజుల్లో జనం పూనుకుని పెట్టుకున్నది అని చెప్తే మా అమ్మాయి, అప్పుడు బళ్ళో తెలుగు చెప్పేవాళ్ళు కాదా అని దారంతా ప్రశ్నలే.

వేళ ఒకటి పెట్టుకోండి, గడియారం పెట్టకండి

రోజుకి గంట చదవాలి అని పెడితే పిల్ల పేజీని కాకుండా గంటని చూస్తుంది. దాని బదులు రోజులో ఒక చోటు ఇవ్వండి. మాకు మధ్యాహ్నం అన్నాలు తిన్నాక, రెండు నుంచి మూడున్నర మధ్యన. బయట మంట, ఆడుకోవడానికి కుదరదు, కూలర్ ఒకే గదిలో ఉంటుంది, కాబట్టి అందరూ అక్కడే చేరతారు. ఆ వేళలో ఇంట్లో ఎవరి చేతిలోనూ ఫోన్ ఉండదు, మాతో సహా. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. మనం రీల్స్ చూస్తూ వాళ్ళని చదవమంటే వాళ్ళు మన మాట వినరు, మనం చేసేదే చేస్తారు. ఆఫీసుకి వెళ్ళేవాళ్ళయితే రాత్రి పడుకునే ముందు ఇరవై నిమిషాలు చాలు, కానీ రోజూ అదే వేళకి.

చదవడం ఇష్టం లేని పిల్లకి ఆ వేళలో పడుకునే స్వేచ్ఛ, బొమ్మలు వేసుకునే స్వేచ్ఛ ఉండాలి. చుట్టూ అందరూ చదువుతుంటే, వేరే ఏమీ తోచకపోతే, మూడో రోజో నాలుగో రోజో దాని చేయి పుస్తకం మీద పడుతుంది.

మూడేళ్ళ లోపు

వీళ్ళకి పెద్దగా చేయాల్సిందేం లేదు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని, బొమ్మ మీద వేలు పెట్టి, పిల్లి ఎలా అరుస్తుంది అంటే చాలు. అట్ట చింపినా, నోట్లో పెట్టుకున్నా ఊరుకోండి. అదే పుస్తకం ఇరవై సార్లు అడిగితే ఇరవై సార్లూ చదవండి.

నాలుగు నుంచి ఆరేళ్ళు

ఇది అక్షరాల వయసు, తొందర పెట్టి చెడగొట్టే వయసు కూడా. తెలుగు పిల్లలకి అచ్చులు, హల్లులు వచ్చాక అసలు కొండ గుణింతాల దగ్గర, ఒత్తుల దగ్గర మొదలవుతుంది. మా బాబు నిరుడు మే నెలలో 'చెట్టు' దగ్గర ఆగిపోయేవాడు. చకారం మీద ఎత్వం దాకా బాగానే వచ్చేది, టకారం కింద వేలాడుతున్న ఒత్తుని చూడగానే వేలు ఆగిపోయేది, నా మొహం చూసేవాడు. మొదట్లో నేను 'ట కింద ట ఒత్తు' అని పాఠం మొదలుపెట్టేదాన్ని. పాఠం అయ్యేసరికి ఆ చెట్టెక్కిన కోతి సంగతి పోయేది. తర్వాత మానేశాను. ఆగిన చోట రెండు క్షణాలు చూసి, మాట అందించేసి, ముందుకి కదలడం. కథ ఆగకూడదు. ఒత్తు పాఠం సాయంత్రం బాల్కనీలో సుద్దముక్కతో వేరే.

రోజూ చేసే పని ఇంతే: మీరు ఒక వాక్యం చదవండి, కింద వేలు జరుపుతూ. వాడు అదే వాక్యం మీ వెనకే అనాలి. వారం తర్వాత ఒక వాక్యం మీరు, ఒక వాక్యం వాడు. బొమ్మ చూసి ఊహించి చెప్తున్నాడని తిట్టకండి, ఊహించడం కూడా చదవడంలో భాగమే. రోడ్డు మీద బోర్డులు వదలకండి. మెట్రోలో కూర్చుంటే స్టేషన్ పేరు ఎవరు ముందు చదువుతారో పందెం. 'తార్నాక' చదివిన రోజు మా వాడు దిగేదాకా అదే పాట, తార్నాక తార్నాక అని.

ఏడు నుంచి తొమ్మిదేళ్ళు

ఎక్కువ శ్రద్ధ ఇక్కడ పెట్టండి. అక్షరాలు వచ్చాయి, ఇక వాడే చదువుకుంటాడులే అని మనం చేతులు దులుపుకునేది ఈ వయసులోనే. చదవడం వచ్చు గానీ వేగం రాలేదు, వేగం లేకపోతే రుచి తెలియదు. వేగం రావాలంటే తేలికైన పుస్తకాలు చాలా చదవాలి, కష్టమైనది ఒకటి కాదు.

పుస్తకం సరిపోతుందో లేదో చూడ్డానికి ఐదు వేళ్ళ లెక్క ఉంది. మధ్యలో ఏదో ఒక పేజీ తెరిచి చదవమనండి, తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు మడవాలి. పేజీ అయ్యేలోపు ఐదు వేళ్ళూ మూసుకుపోతే ఆ పుస్తకం ఇప్పటికి మీరు చదివి వినిపించేది, తను చదివేది కాదు. ఒకటి రెండు వేళ్ళు మడిస్తే సరిగ్గా సరిపోయినట్టే. ఒక్కటీ మడవకపోతే ఇంకా హాయి, చదవనివ్వండి. 'ఇది చిన్నపిల్లలది కదా' అని లాక్కోకండి.

చదువుతో పని పడేలా చేయండి. మే నెలంటే ఆవకాయ. మా అమ్మ కొలతలు రాసి పెట్టుకున్న కాగితం ఒకటుంది, నూనె మరకలు పడి పసుపు రంగుకి తిరిగింది. నిరుడు దాన్ని మా అక్క కూతురి చేతికిచ్చి, చదువుతూ ఉండు, నేను కలుపుతాను అన్నాను. 'ఆవపిండి' చదివింది, 'మెంతులు' చదివింది, 'ఉప్పు' దగ్గర ఎన్ని గిన్నెలో సరిగ్గా చూడకుండా చెప్పేసి, నేను గిన్నె ఎత్తేలోపు, ఆగు పిన్నీ ఆగు, అని మళ్ళీ చదివింది. రెండోసారి ఎంత జాగ్రత్తగా చదివిందో నేను కళ్ళారా చూశాను. తప్పు చదివితే ఏడాదంతా తినే పచ్చడి పాడవుతుందని తనకి తెలుసు. ఏ వర్క్‌బుక్కూ అంత శ్రద్ధ పెట్టించలేదు. మీ ఇంట్లో ఆవకాయ లేకపోతే ఆటల నియమాల కాగితం, ఊరెళ్తే బస్సు బోర్డు, కిరాణా లిస్టు, ఏదైనా సరే.

చదివింది చూడ్డానికి తీసుకెళ్ళండి కూడా. గోల్కొండ గురించి నాలుగు పేజీలు చదివించి, పొద్దున్నే వెళ్ళి ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలాహిస్సార్ దగ్గర వినిపిస్తుందా లేదా అని సగం మంది కింద, సగం మంది పైన నిలబడి చూసుకోవాలి. చుక్కల పిచ్చి ఉన్న పిల్ల అయితే బిర్లా ప్లానెటోరియం. తిరిగి వచ్చిన సాయంత్రమే అదే విషయం మీద ఇంకో పుస్తకం చేతికందేలా పెట్టండి, వేడి చల్లారకముందే.

పది నుంచి పన్నెండేళ్ళు

ఈ వయసులో పిల్లలకి ఎంచుకునే హక్కు కావాలి. సగంలో మానేసే హక్కు కూడా. పాతిక పేజీలు చదివాక నచ్చకపోతే పక్కన పెట్టేయొచ్చు అని ముందే చెప్పండి. కామిక్స్ వద్దనకండి, క్రికెట్ వార్తలు చదివితే అదీ చదువే. వరస పుస్తకాలు, అంటే ఒకే మనుషులతో నాలుగైదు భాగాలుగా వచ్చేవి, ఈ వయసులో బాగా పట్టుకుంటాయి. మొదటి భాగం అబిడ్స్‌లో దొరికితే చాలు, మిగతావి వాళ్ళే వెతికిస్తారు.

తెలుగు విషయంలో మా ఇంట్లో పని చేసింది మాత్రం మా అమ్మ. నిరుడు కంటి శుక్లం ఆపరేషన్ కోసం వచ్చి మా దగ్గరే ఉంది. డాక్టరు కొన్నాళ్ళు కళ్ళకి శ్రమ ఇవ్వొద్దన్నారు. ఆమెకేమో వారపత్రికలో సీరియల్ చదవకపోతే తోచదు. రెండో రోజు మా అమ్మాయిని పిలిచి, కాస్త చదివి పెట్టవే అంది. అది నత్తలా చదువుతుంటే నేనయితే పది సార్లు దిద్దేదాన్ని. మా అమ్మ దిద్దలేదు. కళ్ళు మూసుకుని వింటూ, ఊ, తర్వాత, అంటూ ఉంది. ఒక మాట తప్పు చదివితే, అదేంటీ, ఆయన వచ్చాడా, రాలేదా, మళ్ళీ చూడు, అనేది. కథ కోసమే అడిగింది, పరీక్ష కోసం కాదు. నాలుగో వారానికల్లా మా అమ్మాయి గొంతులో కోపం వచ్చే చోట కోపం, ఏడుపు వచ్చే చోట ఏడుపు పలకడం మొదలైంది, వచ్చే వారం పత్రిక ఎప్పుడొస్తుందని పేపరు అబ్బాయిని అది అడిగేది. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే ఈ పని రేపే మొదలుపెట్టండి. ఊళ్ళో ఉంటే ఫోన్ స్పీకర్లో పెట్టి రాత్రి పది నిమిషాలు చదివి వినిపించమనండి.

పదమూడు దాటాక

వీళ్ళతో పోట్లాడి చదివించలేం, ప్రయత్నించకండి. పైగా చాలామందికి సెలవుల్లోనూ ఫౌండేషన్ క్లాసులు, కోచింగులు, వచ్చేసరికి అలసిపోయి ఉంటారు. వాళ్ళ టెన్షన్ వాళ్ళకి ఉంది, పుస్తకాన్ని ఇంకో సిలబస్‌లా నెత్తిన పెట్టకండి.

మీరు చదువుతున్నది డైనింగ్ టేబుల్ మీద వదిలేయండి. ఒక పేజీ బాగుంటే, ఇది విను, అని అక్కడికక్కడే చదివి లేచిపోండి, అభిప్రాయం అడగకండి. పేపర్లో ఏదైనా వార్త మీద వాడికి మీతో పడకపోతే చాలా మంచిది, వాదించాలంటే వాడు పూర్తిగా చదవాలి. కళ్ళు అలసిన రోజున దాసుభాషితం లాంటి యాప్‌లో తెలుగు ఆడియో పుస్తకం పెట్టండి, వినడం తక్కువ రకం చదువు కాదు.

తెలుగు సరిగ్గా చదవలేని పెద్దపిల్లలకి ఇంకో ఇబ్బంది ఉంది. వాళ్ళ స్థాయికి సరిపోయే పుస్తకం చిన్నపిల్లలది, అది చేత్తో పట్టుకోవాలంటే వాళ్ళకి సిగ్గు. దీనికి దారి మాకు అనుకోకుండా దొరికింది. నిరుడు మే నెల చివర్లో ఒక సాయంత్రం గాలిదుమారం లేచి కరెంటు పోయింది. ఇన్వర్టర్ కూడా కాసేపటికి కూత పెట్టి ఆగిపోయింది. మా బాబు భయపడి ఏడుపు అందుకున్నాడు. మా అక్క కొడుకు, ఆ బైకుల మ్యాగజైన్ల వాడే, ఫోన్ టార్చి వేసి వాడిని పక్కన కూర్చోబెట్టుకుని చేతికి దొరికిన బొమ్మల పుస్తకం తీశాడు. ఎలుగుబంటికి ఒక గొంతు, నక్కకి ఒక గొంతు. రెండు చోట్ల తడబడ్డాడు, చిన్నవాడు అది పట్టించుకోలేదు, మళ్ళీ మళ్ళీ అన్నాడు. మూడు పుస్తకాలు అయ్యాక కరెంటు వచ్చింది, ఇద్దరూ లేవలేదు. అప్పటి నుంచి చిన్నవాడికి రాత్రి కథ చదివే పని వాడికే ఇచ్చాం. తన కోసం అయితే ఆ పుస్తకం వాడు ముట్టేవాడు కాదు, తమ్ముడి కోసం కాబట్టి రోజుకి రెండు తెలుగు పుస్తకాలు చదివాడు. మీ ఇంట్లో చిన్నపిల్లలు లేకపోతే పక్క ఫ్లాట్‌లో ఉంటారు, అడగండి.

మొండికేస్తే

రెండు మూడు రోజులు వదిలేయండి, మీరు చదవడం మాత్రం ఆపకండి. చదివి వినిపిస్తూ బాగా ఉత్కంఠగా ఉన్న చోట, పొయ్యి మీద పాలు పెట్టాను అని లేచి వెళ్ళిపోండి, పుస్తకం అక్కడే తెరిచి వదిలేసి. కొన్నిసార్లు తిరిగి వచ్చేసరికి రెండు పేజీలు ముందుకి వెళ్ళి ఉంటాయి.

చదివాక ప్రశ్నలు వేయకండి. నీతి ఏంటి, కొత్త పదాలు ఐదు రాయి, సారాంశం చెప్పు, ఇవేవీ వద్దు. మీకు నచ్చింది మీరు చెప్పండి, వాళ్ళు చెప్పాలనుకుంటే చెప్తారు. పక్కింటి పిల్లతో పోల్చడం అసలే వద్దు.

ఒక జాగ్రత్త. మూడో తరగతి దాటినా అక్షరాలు తారుమారు చేస్తుంటే, ఒక లైను నుంచి ఇంకో లైనుకి తప్పిపోతుంటే, చదవమనగానే తలనొప్పి, కడుపునొప్పి అంటుంటే బద్ధకం అనుకుని అరవకండి. ముందు కళ్ళు చూపించండి. చూపు బాగానే ఉంటే డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా అక్షరాలు, మాటలు చదవడం కష్టమయ్యే ఇబ్బంది, అలాంటిది ఉందేమో, పిల్లల మానసిక నిపుణుల దగ్గరో స్పెషల్ ఎడ్యుకేటర్ దగ్గరో పరీక్ష చేయించండి. వాళ్ళకి తెలివి తక్కువేం కాదు, నేర్పే దారి వేరు. ఈలోపు మీరు చదివి వినిపించడం ఇంకా పెంచండి, కథలు అందకుండా పోకూడదు కదా.

సెలవులు అయిపోయే ముందు

జూన్ మొదటి వారంలో అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లో ఒక సాయంత్రం చాప పరిచి, పిల్లలందరినీ చదివేసిన పుస్తకాలు తెచ్చి మార్చుకోమనండి. ఒకటి ఇస్తే ఒకటి. మేము పెట్టినప్పుడు మొదట ఐదుగురే వచ్చారు, అరగంటలో పైనుంచి ఒక్కొక్కరు పుస్తకాలు ఎత్తుకుని దిగారు. ఏ పుస్తకం ఎందుకు బాగుందో పిల్లలు పిల్లలకి చెప్పుకుంటుంటే మనం దూరంగా కూర్చోవాలి.

బడి తెరిచాక మధ్యాహ్నం వేళ పోతుంది, దాన్ని రాత్రికి మార్చుకోండి. బ్యాగు సర్దాక, లైటు ఆర్పే ముందు, పదిహేను నిమిషాలు. మొదటి వారం యూనిఫాం, కొత్త పుస్తకాలకి అట్టలు, ఫీజులు అని హడావుడిగా ఉంటుంది, ఆ వారం కూడా వదలకుండా ఒక్క పేజీ అయినా మీరే చదవండి.